మాస్టారి వెంట మామిడి కొత్త ఊరికి

భద్రాచలం వెళ్లొచ్చానని చెప్పగానే అందరూ రాములవారి దర్శనం బాగా అయిందా అని అడుగుతున్నారు. అవలేదు. గోపురానికి కారులోంచే దండం పెట్టుకున్నాను. కల్యాణం తలంబ్రాలు తెమ్మన్న మా అత్తగారు ఆ సంగతి విన్నప్పటి నుంచి నాతో అవసరమైనంత వరకే మాట్లాడుతున్నారు. నేను వెళ్లింది వేరే పని మీద, వేరే మనిషి వెంట.

ఆ మనిషి పేరు రాయను. దేశంలో నోట్లు అచ్చువేయించే పెద్ద బ్యాంకుకు ఆయన ఒకప్పుడు గవర్నరు. కొన్నేళ్లపాటు మనందరి జేబుల్లోనూ ఆయన సంతకం ఉండేది. పదవి దిగాక కంపెనీలు రమ్మన్నాయి, విదేశాలు రమ్మన్నాయి. ఆయన మాత్రం హైదరాబాదులో మా విశ్వవిద్యాలయానికి వచ్చి, ఎం.ఏ. మొదటి ఏడాది పిల్లలకు పాఠం చెప్పుకుంటానన్నారు. మా అర్థశాస్త్ర శాఖ మొత్తం హడలిపోయింది. మాది ఫ్యాను తిరిగితే లైటు వెలగని శాఖ. వచ్చిన మొదటి రోజే ఆయన సొంతంగా సుద్దముక్కల డబ్బా కొని తెచ్చుకున్నారు. ఇప్పుడు ప్యూను దగ్గర నుంచి వైస్ చాన్సలరు దాకా అందరికీ ఆయన మాస్టారే. నేను అదే శాఖలో పాఠాలు చెప్పుకునే తెనాలి మనిషిని. ఆయన పక్క గదిలో కూర్చోవడం నా ఉద్యోగంలో నాకు దక్కిన గొప్ప అదృష్టమని మొహమాటం లేకుండా చెప్తాను.

ప్రయాణానికి కారణం జానకి. పాయం జానకి మాస్టారి దగ్గర పిహెచ్‌డి చేస్తున్న కోయ అమ్మాయి. ఊరు దుమ్ముగూడెం అవతల, అడవి అంచున. ఆ ఊరి నుంచి ఇంత చదువు దాకా వచ్చిన మొదటి మనిషి. చలికాలంలో సెమినారులో ఒక అధ్యాయం చదివి, ఆ మర్నాడే ఊరెళ్లిపోయింది. తర్వాత మాస్టారి ఫోనుకు చిన్న సందేశం వచ్చింది. ఆ అధ్యాయం తప్పట, చదువు మానేస్తోందట. ఈ నెలాఖరులోగా తిరిగి రాకపోతే ఆమె రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. మళ్లీ మొదటి నుంచి చేరాలంటే సీటూ దొరకదు, స్కాలర్‌షిప్పూ దొరకదు.

మాస్టారు ఎన్నిసార్లు చేసినా ఆమె ఫోను ఎత్తలేదు. "పిలిస్తే పలికే మనిషైతే ఈపాటికి పలికేది. వెళ్దాం రండి. మీరుంటే ఆ పిల్ల నోరు విప్పుతుంది" అన్నారు నాతో. డెబ్బై దాటిన మనిషి ఎండాకాలంలో అడవికి బయల్దేరితే, నేను సెలవు చీటీ రాయకుండా ఎలా ఉంటాను?

ఖమ్మంలో మిరపఘాటు

మిర్చి రోజుల్లో ఖమ్మం వెళ్లనివారికి ఒక హెచ్చరిక. ఊరు కనిపించడానికి ముందే తుమ్ములొస్తాయి. బస్తాల లారీల వెనక ఇరుక్కుని నేను ఆపకుండా తుమ్ముతుంటే, మాస్టారు అద్దం దించి హాయిగా గాలి పీల్చుకున్నారు. ఆయనది ముదిగొండ. తండ్రి మిరప రైతు. ఆ ఘాటులోనే పుట్టి, ఖమ్మంలో డిగ్రీ చదివి, పరీక్ష రాసి పెద్ద బ్యాంకులో చిన్న ఆఫీసరుగా చేరి, అక్కడే మెట్టు మెట్టు ఎక్కి గవర్నరయ్యారు.

బస్టాండు దగ్గర టీ తాగుతుంటే హోటలాయన మాస్టారిని పోల్చుకున్నాడు. డబ్బులు తీసుకోనన్నాడు. బదులుగా, బంగారం ఇప్పుడు కొనాలా ఆగాలా చెప్పమన్నాడు. మాస్టారు పదిహేను రూపాయల చొప్పున రెండు టీలకూ డబ్బులు బల్ల మీద పెట్టి, టీ బాగుందని మాత్రం చెప్పారు. అది కూడా ఆయన పద్ధతిలో, "ప్రస్తుతానికి బాగుంది" అని. ఏది అడిగినా ఆయన జవాబు ఇలాగే ఉంటుంది. వాన పడుతుందా అంటే రెండు వైపులా అవకాశం ఉందంటారు. మా పిల్లలు ఆయన వెనకాల ఇలాగే మాట్లాడుకుని నవ్వుకుంటారు. నేనూ నవ్వాను.

నవ్వడం కారు ఎక్కాక ఆగింది. పక్కనే ఉన్న ముదిగొండకు ఎందుకు వెళ్లకూడదని అడిగితే ఆయన ఒక సంగతి చెప్పారు. గవర్నరుగా ఉన్న రోజుల్లో బంధువుల పెళ్లికి వెళ్లి, మిర్చి వ్యాపారం చేసే మేనబావను భోజనాల దగ్గర పలకరించారట, ఈ ఏడు మిర్చి ఎలా ఉంది బావా అని. అడిగింది కుశలం. గవర్నరే వాకబు చేశాడంటే ఏదో ఉందనుకుని ఆ బావ సరుకంతా అమ్మకుండా కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. ధర పడిపోయింది. ఆ ఇంటితో ఇప్పటికీ మాటల్లేవు.

"కుర్చీలో ఉన్నన్నాళ్లూ నేను ప్రశ్న అడిగే హక్కు పోగొట్టుకున్నానండీ. పాఠం చెప్పడానికి వచ్చింది అందుకే. క్లాసులో అయితే తెలియనిది తెలియనట్టు అడగొచ్చు" అన్నారు మాస్టారు.

వంతెనకు ఇవతల, అవతల

కొత్తగూడెం, పాల్వంచ దాటి సారపాక చేరేసరికి కాగితం మిల్లుకు వెళ్లే జామాయిల్ కర్ర లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి నీడలో డ్రైవర్లు వంట చేసుకుంటున్నారు. ఒకాయన మమ్మల్ని చూసి పప్పుచారు ఉంది, చెయ్యి కడుక్కోమన్నాడు, అంటే భోజనానికి రమ్మని. కడుక్కోలేదు కానీ ఆ పిలుపుకే కడుపు నిండింది.

వంతెన మీంచి చూస్తే గోదావరి వేసవి గోదావరే. మధ్యలో ఇసుక మేటలు, ఓ పక్కన నీళ్లు. తెనాలి కాలవలు చూసి పెరిగిన నాకు నది ఎండిపోతుందంటే దిగులేస్తుంది. మాస్టారు మాత్రం లంకల్లో పుచ్చకాయలు కనిపించాయని సంబరపడ్డారు. భద్రాచలంలో బస. లాడ్జి కుర్రాళ్లు ఆయన్ను గుర్తుపట్టలేదు. పై అంతస్తులో గది ఇచ్చారు, లిఫ్టు లేదు. ఆయన ఒక్కో మెట్టూ ఎక్కుతూ, పదోన్నతి ఎప్పుడూ ఇలాగే వచ్చిందన్నారు.

పదవి గురించి ఆయన తనంతట తాను చెప్పింది చాలా తక్కువ. లోకానికి తెలిసిన కథ ఒక్కటుంది. వడ్డీ తగ్గించమని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు ఇంకా సమయం కాలేదని ఆయన తగ్గించలేదు. గడువు కాగానే మర్యాదగా సాగనంపారు. నవ్వుతూనే దిగి వచ్చారట. ఆ నిర్ణయం సరైనదేనా అని ఇడ్లీలు తింటూ మర్నాడు అడిగాను. "నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆ రోజుకు తెలిసింది అదీ" అన్నారు. పాఠం చెప్పే పుస్తకాల్లో ఆ నిర్ణయాన్ని పొగిడేవాళ్లున్నారు. ఆయన తన క్లాసులో మాత్రం దాన్ని తప్పని వాదించమని పిల్లలకు పని ఇస్తారు. బాగా వాదించినవాళ్లకు మంచి మార్కులు వేస్తారు.

దుమ్ముగూడెం దాటాక

దుమ్ముగూడెంలో అరటిపళ్లు కొనుక్కుని, తారు రోడ్డు వదిలి మట్టి దారి పట్టాం. ఇరువైపులా తునికి చెట్లు, ఇప్పచెట్లు. చెట్ల కింద నేల శుభ్రంగా ఊడ్చి ఉంది, రాలిన ఇప్పపువ్వు ఏరుకోవడానికి. ఊరి పేరు కూడా రాయను. రాయొద్దని జానకి అడిగింది.

ఆమె ఇంటికి చేరేసరికి బయట ఎవరూ కనిపించలేదు. వాకిట్లో మామిడి చెట్టు విరగకాసి ఉంది. కింద పచ్చటి కాయ ఒకటి రాలి పడి ఉంది. తెనాలి మనిషి రాలిన కాయ కనిపిస్తే ఏం చేస్తుంది? చీర చెంగుతో తుడిచి కొరికాను. పులుపు పళ్లలోకి దిగేలోపు లోపలి నుంచి ఒక ముసలమ్మ వచ్చి, నా చేతిలోంచి కాయ తీసేసుకుంది. ఆమె కోపంగా లేదు. భయంగా ఉంది. కోయ మాటల్లో ఏదో అంటూ చెట్టుకు దండం పెట్టింది.

అప్పుడే నీళ్ల బిందెతో వచ్చిన జానకి మమ్మల్ని చూసి వాకిట్లోకి వస్తూనే ఆగిపోయింది. మాస్టారికి నమస్కారం పెట్టింది. ఆ తర్వాత ముసలమ్మ చేతిలోని కాయనూ, నా మొహాన్నీ చూసి, అంత దిగులులోనూ నవ్వాపుకోలేకపోయింది.

విషయం ఏమిటంటే, ఆ ఊళ్లో ఇంకా మామిడి కొత్త కాలేదు. ప్రతి పంటకూ, ప్రతి పండుకూ కొత్తల పండుగ ఉంటుంది. ఊరి పూజారి రోజు చెప్పి, దేవతకు పెట్టాకే ఊరు తినాలి, అమ్మాలి. ఇప్పపువ్వు కొత్త అయిపోయింది. మామిడికి కాలేదు. అంతవరకు కాయ తెంపరు, రాలినది కూడా ముట్టరు. మా ఇంట్లో ఉగాదికి మామిడి ముక్క లేకపోతే పండగే కాదు. ఇక్కడ పండగ కాకపోతే మామిడే లేదు. తప్పు చేసినవాళ్లు ఊరికి దండుగగా కోడినివ్వాలి. ఇచ్చాను. నాలుగు వందలు పెట్టి కొన్న ఆ కోడిని సాయంత్రానికి చింతచిగురు వేసి వండారు. దండుగ కట్టిన మనిషికే పెద్ద ముక్క వేశారు. చింతచిగురుతో కోడికూర తిననివాళ్లు ఇంకా పూర్తిగా తెలుగువాళ్లు కారని నా గట్టి అభిప్రాయం.

జానకి సెమినారులో చదివిన అధ్యాయం ఈ కొత్తల మీదే. ఆ రోజు మాస్టారు ఆమెను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. ముందుగా కోసి అమ్మితే ధర ఎక్కువ వస్తుంది కదా, మరి ఆగడం వల్ల ఎవరికి లాభం అని. ఆమె జవాబు చెప్పలేకపోయింది. నేనూ అక్కడే ఉన్నాను. అందులో నాకేమీ పెద్ద విశేషం కనబడలేదు, ఆయన అందరినీ అలాగే అడుగుతారు కాబట్టి.

ఆ ప్రశ్న ఇక్కడికి వచ్చి ఏం చేసిందో ఆ సాయంత్రమే తెలిసింది. నాగేశ్ అనే కుర్రవాడు, జానకికి పెదనాన్న కొడుకు, ట్రాలీ ఆటో నడుపుతాడు, పరుగున వచ్చి మాస్టారి చేతులు పట్టుకున్నాడు.

"మీరు మస్తు మంచిగ చెప్పిన్రు సార్. కొత్త దాక ఆగుడు లాస్ అని మేం ఎన్నేండ్ల సంది మొత్తుకుంటున్నం. ఎవలూ ఇనరు. ఇగ బ్యాంకు పెద్దసారే అన్నడంటే మా చిన్నాయన గూడ ఏమంటడు?" అన్నాడు.

చిన్నాయన అంటే జానకి తండ్రి ముత్తయ్య. ఊరి పూజారి ఆయనే. పచ్చళ్ల కాయ కోసం బయటి వ్యాపారి ముందుగానే వచ్చి, ఇప్పుడు కోస్తే ఎక్కువ ఇస్తానంటున్నాడు. కుర్రవాళ్లు కొత్తను ముందుకు జరపమంటున్నారు. ముత్తయ్య కాదంటున్నాడు. జానకి కూడా ఆగడం నష్టమేనని, మా సారే అలా అన్నారని ఇంట్లో అనేసింది. అప్పటి నుంచి ఆయన కూతురితో మాట్లాడటం లేదు. ఊరు రెండుగా చీలి, ఊళ్లో జరిగిన ఒక పెళ్లి భోజనాల దగ్గర కూడా విడివిడిగా కూర్చుందట.

మాస్టారు అరుగు మీద కూలబడ్డారు. తాను ఏమీ చెప్పలేదని, అడిగానని, అంతేనని అన్నారు.

జానకి తల వంచుకునే జవాబిచ్చింది. "మీరడిగిన్రు, నా దగ్గర జవాబు లేకుండె. లేదంటే నేను రాసింది తప్పే గద సార్."

"జవాబు లేకపోవడం వేరు, తప్పవడం వేరమ్మా."

"మీరడిగితే రెండూ ఒకటే సార్."

అంతమంది మంత్రుల ముందు తొణకని మనిషి ఆ మాటకు తలెత్తలేకపోయారు. నాకు ఆయన మీద జాలేసింది, ఆ పిల్ల మీద మరీ జాలేసింది. చదువు మానుకుంది, ఇంట్లో తండ్రి పలుకునూ పోగొట్టుకుంది. రెండింటికీ కారణం ఎవరూ ఇవ్వని తీర్పు.

ఊరి కూటం

మర్నాడు పొద్దున్నే ఊరు కూడింది. ముత్తయ్య బక్కపలచటి మనిషి, తెల్లటి పంచె కట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా కూర్చున్నాడు. మమ్మల్ని మాత్రం తిన్నారా అని అడిగాడు. మాస్టారు రెండు మాటలు చెప్పుకుంటానని అనుమతి అడిగి లేచారు. ఇన్నేళ్లలో నేను ఆయన నోట వినని ముదిగొండ యాస ఆ రోజు విన్నాను.

"ఆగుడు మంచిదా, ముందుగాల తెంపుడు మంచిదా, నాకెర్క లేదు. ఎర్క లేకనే ఈ బిడ్డను అడిగిన. నేను అడిగింది ప్రశ్న, చెప్పింది కాదు. నా పేరు జెప్పి ఇక్కడ ఎవలూ ఎవల్నీ కాదనొద్దు" అన్నారు.

ఎంత పెద్ద మనిషైతే నలుగురిలో అలా అనగలడు? మా శాఖలో రెండు వ్యాసాలు అచ్చయినవాళ్లు కూడా తెలియదన్న మాట పలకరు.

కానీ కథ అక్కడ తేలలేదు. తర్వాత వెనక నుంచి ఒక పెద్దాయన నింపాదిగా, గంత పెద్దసారుకే ఎర్క లేదంటే ఆగుడే మంచిదన్నాడు. తలలన్నీ ఊగాయి. నాగేశ్ మొహం మాడిపోయింది. మాస్టారు నుదురు కొట్టుకున్నారు. ఆయన తెలియదన్నా అది ఆజ్ఞే అయి కూర్చుంది.

అప్పుడు జానకి లేచింది. "సార్, మీరు జర బయటికి పోతరా? మేడం, మీరు గూడ. ఇది మా ఊరి ముచ్చట. సారు మాట ఇడిసిపెట్టి మేం మాట్లాడుకోవాలె."

మమ్మల్ని గెంటేశారంటే తప్పు, సాగనంపారంటే అబద్ధం. ఊరి చివర నాగేశ్ ట్రాలీ అంచున కూర్చుని తునికి పళ్లు తిన్నాం. నాకు అవమానంగానే ఉంది. మాస్టారు మాత్రం ఈ మూడు రోజుల్లో అంత తేలిగ్గా ఎప్పుడూ లేరు. తన అభిప్రాయం ఎవరికీ అక్కర్లేని సమావేశం ఎన్నేళ్ల తర్వాత చూశానో అంటూ, గింజలు గురిచూసి ముళ్లకంపలోకి విసురుతున్నారు. కూటం నుంచి కోయ మాటలు హెచ్చుతూ తగ్గుతూ వినిపించాయి. ఎక్కువగా జానకి గొంతే. ఆమె గొంతు అంత పెద్దదని మా క్లాసులో ఎవరికీ తెలియదు.

ఎండ బాగా ఎక్కాక కూటం లేచింది. జానకి వచ్చి చెప్పింది. కొత్త దాకా ఆగుతారు. ఎప్పటిలాగే పూజారి ఒక కాయ కోసి చూస్తాడు. కత్తికి టెంక అడ్డుపడితే కాయ ముదిరినట్టు, అప్పుడే పండుగ. ఆ తర్వాత మాత్రం బయటి వ్యాపారిని చెట్ల కిందికి రానివ్వరు. కాయను నాగేశ్ ట్రాలీలో తామే భద్రాచలం తీసుకెళ్లి అమ్ముకుంటారు. ఇందులో ముత్తయ్య మాటా నిలిచింది, కుర్రవాళ్ల మాటా నిలిచింది. లాభమో నష్టమో ఈ ఏడు తాను కళ్లారా చూసి రాస్తానంది.

ఆమె వెనకే ముత్తయ్య వచ్చాడు. కూతురిని బిడ్డా అని పిలిచి, తాగడానికి నీళ్లు తెమ్మన్నాడు. జానకి పరుగెత్తుకుంటూ వెళ్లింది. ఎన్నాళ్లకో వచ్చిన పిలుపు కదా, తిరిగొచ్చేసరికి చెంబులో సగం నీళ్లు దారిలోనే పోయాయి.

ఇక మేం వచ్చిన పని మిగిలింది. మాస్టారు అడగలేదు. అడగడానికి భయపడ్డారని నా నమ్మకం. ఆమే చెప్పింది.

"పండుగ చేసుకొని ఈ నెల్లనే వస్త సార్. చదువు ఇడిసిపెట్ట. గని మీ దగ్గర చెయ్య."

మాస్టారు చేతిలోని తునికి పండు ట్రాలీ మీద పెట్టేశారు.

"కోపంతోని అంటలేను సార్. మీ పేరు కింద నేనేం రాసినా నేను రాసినట్టుండదు. తప్పయితే నాదంటరు, ఒప్పయితే మీదంటరు. నన్ను మేడం దగ్గర చెయ్యనియ్యుర్రి."

ఆయన విద్యార్థిని నా దగ్గరికా? మాస్టారు కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు. గవర్నరు కుర్చీ దిగిన రోజు నవ్వుతూ వచ్చిన మనిషి ఈసారి నవ్వలేదు. ఆ అమ్మాయి ఆయనకు దొరికిన విద్యార్థుల్లో అందరికంటే తెలివైనదని మా శాఖలో అందరికీ తెలుసు. కళ్లజోడు పెట్టుకుని, "నీ మాట నిజం. వెళ్లగానే కాగితాలు మార్పిస్తాను" అన్నారు. ఆమె వంగి కాళ్లకు దండం పెట్టింది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టారు.

తిరుగు దారి

భద్రాచలంలో భోజనానికి ఆగాం. ఆయన పెరుగన్నం రెండు ముద్దలు తిని లేచారు. వంతెన దాటుతుంటే, నాకు అంత పెద్ద బాధ్యత వద్దని, ఆ పిల్లకు నచ్చజెప్పమని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. వడ్డీ తగ్గించనన్నప్పుడు ఢిల్లీలో ఇలాగే ఊపి ఉంటారు. ఇంక నేను రెట్టించలేదు.

పాల్వంచ దాటాక ఉన్నట్టుండి నా వైపు తిరిగారు. "ఆ కొత్తల అధ్యాయంలో అసలు చూడాల్సింది ఏమిటంటే..." అని మొదలుపెట్టి, ఠక్కున ఆపేశారు. పెదాలు బిగించుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

ఆయనకు ఏదో తోచింది. నలభై ఏళ్లు దేశం డబ్బు మొత్తాన్నీ కళ్లముందు పెట్టుకుని బతికిన బుర్రకు తోచింది. ఒక్క మాట అడిగితే చెప్పేస్తారు. చెప్తే అది బంగారంలాంటి మాట అవుతుందని నాకు తెలుసు. ఆ మాట నా నోటి గుండా జానకి చెవిన పడితే, మళ్లీ ఆమె రాసేది ఆయనదే అవుతుంది. అది ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఖమ్మం పొలిమేరలో మిరపకళ్లాలు కనిపించేదాకా ఆయన నోరు విప్పలేదు, నేను అడగలేదు. అంత కష్టపడి మౌనంగా కూర్చున్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు.